తొట్టిబల్ల టీచరమ్మ

ఇది నేను ఇంతకు ముందు రాయలేకపోవడానికి మొదటి కారణం చిన్నది. నాకు రాయడం వచ్చేది కాదు. అక్షరాలు వచ్చింది ఈ మధ్యనే, పెద్ద మనవరాలు రెండో తరగతి పుస్తకం ముందేసుకుని గట్టిగా చదువుతుంటే దాని పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రెండో కారణం కోపం. అక్షరాలు వచ్చాక ఆమె గురించి రాద్దామని కూర్చుంటే కోపమే ముందు వచ్చేది. నాలుగు మాటలు రాసేసరికి అవి తిట్లయ్యేవి. బతికున్న మనిషిని కాగితం మీద తిట్టడం ఎందుకని చింపి పొయ్యిలో వేసేదాన్ని. ఇప్పుడామె పోయింది. కోపం పోలేదు. అది తగ్గేదాకా ఆగితే నేను కూడా పోతాను. అందుకని కోపంతోనే రాస్తున్నాను.

ఆమె మా ఊరి అంగన్‌వాడీలో టీచరు. నేను అక్కడ ఆయాను, ఇప్పటికీ. నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి లోపలికి వచ్చే ఊరు మాది. ఆమె పుట్టిల్లు పోచంపల్లి, మగ్గాల ఇల్లు. పెళ్లయి మా ఊరికి వచ్చింది. భర్త పోయినా ఇక్కడే ఉన్నది. ఉద్యోగం అయిపోయాక పోచంపల్లిలో తమ్ముడి దగ్గరికి వెళ్లింది. ఆమె గురించి నాకు తెలిసిన సంగతులు ఇంతే. ఇన్నేళ్లు ఒకే గదిలో పనిచేసి ఇంతేనా అని మీరు అడగొచ్చు. ఆమె చెప్తే కదా.

ఎలా నడిచేదో అడగండి, అది చెప్తాను. దారిలో ఏదో పారేసుకున్నట్టు తల వంచుకుని నడిచేది. కనపడ్డదల్లా ఏరేది. కానుగ కాయ, నున్నటి రాయి, గుడ్డ పేలిక, ఎండిన బీరకాయ. కొంగు చివర ఎప్పుడూ ఒక ముడి ఉండేది, అందులో ఏముందో ఆమెకే తెలియాలి. ఎవరైనా ఎదురుపడి పలకరిస్తే ముఖం వైపు చూసేది కాదు, చేతుల వైపు చూసేది. మా ఊరి ఆడవాళ్లకు ఒళ్లు మండేది.

"ఏందే, మా గాజులు లెక్కవెడుతున్నదా నీ టీచరమ్మ?" అని నన్ను నిలబెట్టి అడిగేవాళ్లు.

నీ టీచరమ్మ! ఆమె చేసిన ప్రతి పనికీ నేను జవాబు చెప్పాలి. ఆమె మాత్రం నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఆయమ్మా అంటే ఆయమ్మ. ఇద్దరిదీ కొంచెం అటు ఇటుగా ఒకే వయసు. నాకూ మా అమ్మానాన్న పెట్టిన పేరొకటి ఉంది.

మా అంగన్‌వాడీ అంటే రేకుల గది, వెనక పొయ్యి పెట్టుకునే జాగా. వాకిలి లేదు, తలుపు తీస్తే రోడ్డే. ట్రాక్టర్లు, ఇసుక లారీలు. పిల్లలు బయట ఆడడానికి లేదు, వానైనా ఎండైనా లోపలే. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆమె ఎవరో ఇల్లు కూలగొడుతుంటే పాత తలుపొకటి అడిగి తెచ్చింది. వడ్లాయనతో దానికి నాలుగు పొట్టి కాళ్లు వేయించి, చుట్టూ జానెడు ఎత్తున చెక్కలు కొట్టించింది. లోపల టార్పాలిన్ ముక్క పరిచింది. చూడడానికి బర్రెలు కుడితి తాగే తొట్టిలా ఉంది. ఊరు దాన్ని తొట్టిబల్ల అన్నది, ఆమెను తొట్టిబల్ల టీచరమ్మ అన్నది.

"ఇది ఎందుకు టీచరమ్మా?" అని అడిగాను.

"పిల్లల చేతులకు."

"చేతులకేం రోగం వచ్చింది?"

"సూడు," అన్నది. ఏది అడిగినా ఆమె చెప్పే జవాబు అదే. చూడాలట. నీళ్ల ట్యాంకు దగ్గర నలుగురు ఆడవాళ్లు నన్ను చుట్టుకుని "పొద్దంత ఏం నేర్పుతున్నరే మా పోరగాండ్లకు?" అంటే నేనేం చెప్పాలి? చూడండి అని చెప్పాలా?

మొదటి రోజు అందులో జొన్నలు పోసింది. పిల్లలు చుట్టూ చేరి మోచేతుల దాకా ముంచి ఆడుతున్నారు. మనవణ్ని దిగబెట్టడానికి ఒక ముసలామె వచ్చింది, ఊరంతా పెద్దవ్వ అని పిలిచే మనిషి. తొట్టిలో జొన్నలు చూసి గడప మీదే ఆగిపోయింది.

"థూ! తినే గింజను, లచ్మమ్మను తొట్లె పోసి ఆటలాడిపిస్తున్నవా? కరువుల గా గింజ దొరకక తుమ్మబంక తిన్నం మేం. నీకు జీతమొస్తది, నీకేం ఎర్క!"

టీచరమ్మ జొన్నలన్నీ చేటలోకి ఎత్తి, కింద పడ్డవి ఏరి కళ్లకద్దుకుని, ఎక్కడివక్కడ పోసి వచ్చింది. "కుండలకు పోయేది తొట్లెకు రావద్దు," అన్నది. అంతే, ఆమె ఉన్నన్నాళ్లు బియ్యం గింజ కూడా దాంట్లో పడలేదు. అది ఒప్పుకుంటాను.

కానీ కుండలోకి పోనిది లోకంలో ఎంతుందో నాకు ఆమె వల్లనే తెలిసింది, ఎందుకంటే అదంతా ఊడ్చింది నేనే. వానాకాలం మిల్లు నుంచి ఊక తెచ్చి పోసేది. అందులో చిన్న చిన్న గిన్నెలు పాతిపెట్టేది, పిల్లలు వెతికి తీయాలి. ఊక ఫ్యాను గాలికి లేచి గుడ్ల గిన్నెలో పడేది, పిల్లల జుట్టులో, నా మెడ మీద చెమటకి అంటుకునేది. ఒకసారి ఎర్రమట్టి తడిపి ముద్దలు చేసి పెట్టింది. గోడలకు చేతులు, తలుపుకు చేతులు, నా చీరకు చేతులు. మక్కజొన్న కంకులు ఒలిచే రోజుల్లో బెండ్లు, పీచు. పీచును పిల్లలు బుగ్గలకు రాసుకుని మీసాలు పెట్టుకునేవాళ్లు. ఎండాకాలం నీళ్లు, అందులో వేపాకు, రంధ్రాల గిన్నెలు, కొబ్బరి చిప్పలు. గదంతా బురద. చింతగింజలు నాకు నచ్చేవి, చీపురుకి లొంగుతాయి. కానీ ఒకడు గింజను ముక్కులో దోపుకున్నాడు. అది బయటికి వచ్చేదాకా నా ప్రాణం నాలో లేదు. అప్పటి నుంచి చింతగింజలు పెద్దపిల్లలకే, అదీ ఆమె పక్కన కూర్చుంటేనే.

ఏది పోసినా ముందు తను చూసేది. కళ్లు మూసుకుని రెండు చేతులూ ముంచి, అన్నం ఉడికిందో లేదో చూసినట్టు నలిపి, బుగ్గకు రాసుకుని అప్పుడు తలూపేది. కుంకుడుకాయ నురుగు పోయాలనుకున్నప్పుడు దాన్ని తన కంట్లో వేసుకుంది. నా కళ్లతో చూశాను. ఎర్రటి కన్నుతో, నీళ్లు కారుతుంటే, "వద్దు. నురుగు వద్దు," అని చెప్పింది.

"నీకు చిన్నప్పుడు తలంటు పోయలేదా ఎవలు? కుంకుడు కండ్లల్ల మండుతదని లోకానికంతా ఎర్కనే గద!" అన్నాను.

"ఎంత మండుతదో ఎర్క లేకుండె," అన్నది.

పోచంపల్లి వెళ్లి వచ్చినప్పుడల్లా సంచి నిండా చిక్కుపడిన నూలు తెచ్చేది. ఎరుపు, నీలం, పసుపు, నలుపు, మగ్గం మీదికి పనికిరాని పోగులు. పిల్లలు ఒక కొస పట్టుకుని రెండో కొస వెతుక్కుంటూ పొద్దంతా కూర్చునేవాళ్లు. ఏడ్చే పిల్ల కూడా ఏడుపు మర్చిపోయేది. దాంట్లో ఊడ్చేది ఏమీ లేదు గనక అది నాకు పండగ. అలాంటి రోజులు తక్కువ.

తక్కిన రోజుల్లో ఏ పిల్లో దోసిలి నిండా ఏదో కింద పారబోసి భయపడి నా వైపు చూసేది. టీచరమ్మ వెంటనే అనేది, "పడనియ్ బిడ్డా. ఊడ్సెటందుకు మా ఆయమ్మ ఉన్నది."

ఆ మాట విన్నప్పుడల్లా చీపురు ఆమె మీదికి విసరాలనిపించేది. తను ఒక్కనాడు ఊడ్చిన పాపాన పోలేదు. అడుగుదామంటే టీచరు. అడగకుండా ఉందామంటే నా నడుము.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది వేరే ఉంది. నా పెద్ద మనవరాలు అప్పుడు మూడేళ్లది, మా అంగన్‌వాడీకే వచ్చేది. నాకు కావలసింది ఒక్కటి. నేను వేలిముద్ర వేసిన చోటల్లా నా మనవరాలు సంతకం పెట్టాలి. బస్సు బోర్డు చదవలేక పక్కవాళ్లను అడిగి, వాళ్లు నవ్వితే తల దించుకున్నదాన్ని నేను. ఇంత చదువుకున్న మనిషి నా మనవరాలి ముందు కూర్చుని, అక్షరం ముక్క చెప్పకుండా ఊక పోస్తుంటే నాకెలా ఉంటుంది? ఆకలితో ఉన్నవాడికి కంచం తోమి చూపించినట్టుండేది. వ్యానులో ప్రైవేటు బడికి పోయే పిల్లలు సాయంత్రం అరుగుల మీద ఏబీసీడీలు అప్పజెప్పేవాళ్లు. మా పిల్ల చేతులు చాచి చూపించేది, మట్టి.

"టీచరమ్మా, రెండక్షరాలు దిద్దిపియ్యరాదు?" అని బతిమాలాను.

"దిద్దుతది తియ్. జర టైం ఉంది."

"ఎప్పుడు? నా లెక్క ముసల్దైనంకనా?"

నా చేతులు చూసింది.

ఒకరోజు వాన. పిల్లలు ఎక్కువ రాలేదు. వచ్చినవాళ్లు తిని పడుకున్నారు. ధైర్యం చేసి, "పోనీ నాకన్న నేర్పియ్ టీచరమ్మా. నా పేరు రాసుకునేటంత," అన్నాను. ఆ మాట ఆమెతో అనడానికి నాకు ఎన్నేళ్లు పట్టిందో నాకే తెలుసు. ఆమె తొట్టిబల్ల వైపు చూపించింది. అందులో ఊక ఉంది.

"ముందుగాల దాంట్ల చెయ్యి పెట్టు."

"ఎందుకు?"

"ఎన్నడన్న పెట్టినవా? ఊడ్సుడే గద నీకు. ఒక్కపారి పెట్టి సూడు."

నన్ను మూడేళ్ల పిల్లతో జమ కట్టింది అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. అక్షరం అడిగితే ఊకలో చెయ్యి పెట్టమంటుందా? పొయ్యి దగ్గరికి పోయి అన్నం గిన్నెలు బడబడా తోమాను. మళ్లీ అడగలేదు. ఆమె కూడా మళ్లీ అనలేదు. నేను చెయ్యీ పెట్టలేదు.

ఆ వానాకాలంలోనే గులాబీ గింజల సంగతి జరిగింది.

పత్తి విత్తనాలు పెట్టే రోజులు. నేను వెనక గుడ్లు ఉడకబెడుతున్నాను. ముందు గదిలో పిల్లల నవ్వులు రోజుకంటే ఎక్కువ వినిపించాయి. గిన్నె దించి వచ్చి చూస్తే, తొట్టిబల్లలో గులాబీ రంగు గింజలు. అంత అందమైన గింజలు ఆ బల్ల మీద ఎన్నడూ పోయలేదు. నా మనవరాలి చేతులు మోచేతుల దాకా అందులో ఉన్నాయి. పక్కనున్నవాడు ఒక గింజ పెదాల దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు.

మా వైపు వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టిన పిల్లకు మాటలు రాకముందే ఆ రంగు తెలుస్తుంది. ప్యాకెట్లలో వచ్చే పత్తి విత్తనానికి పురుగు పట్టకుండా మందు పట్టిస్తారు, మందు పట్టించినట్టు తెలియడానికే ఆ రంగు. ఆ గింజలు పెట్టి వచ్చిన కూలీలు చేతులు కడుక్కోకుండా నీళ్లు కూడా తాగరు.

"మందు గింజలు! చేతులు తియ్యిన్రి! తియ్యిన్రి!" అని అరిచి పిల్లలను రెక్కలు పట్టి వెనక్కి లాగాను. ఆ అరుపుకి పిల్లలందరూ ఒక్కసారే ఏడ్చారు. టీచరమ్మ నిలబడిపోయింది. తర్వాత ఇద్దరం ఒక్కొక్కరినీ వెనక నీళ్ల గోలెం దగ్గర కూర్చోబెట్టి సబ్బుతో చేతులు, నోళ్లు కడిగాం, మళ్లీ కడిగాం. నోట్లో ఎవరూ వేసుకోలేదు. నార్కట్‌పల్లిలో ఒక దుకాణం ముందు ప్యాకెట్ పగిలి పడి ఉంటే కొంగులో ఎత్తుకొచ్చిందట. ఎప్పటిలాగే ముందు తన బుగ్గకు రాసుకుని చూసిందట. బుగ్గ మీద గులాబీ చార ఇంకా ఉంది.

"పత్తిల పుట్టి పెరిగినవ్, నీకు తెల్వదా టీచరమ్మా?" అని కేకలేశాను.

"నాకు నూలు ఎర్క ఆయమ్మా. గింజ ఎర్క లేదు," అన్నది.

ఇక్కడిదాకా నాకు ఆమె మీద జాలే. తప్పు ఎవరైనా చేస్తారు. కోపం ఎందుకంటే, సాయంత్రం ఆమె చేసిన పనికి. పిల్లలను పంపేశాక చెప్పులు వేసుకుని, "ఇండ్లకు పోయి చెప్పొస్త," అన్నది.

"ఏం చెప్తవ్?"

"గింజల సంగతి."

"పిచ్చి లేసిందా నీకు? ఎవలకేం గాలే. కడిగినం. సూసింది నువ్వు నేను. ఇడిసిపెట్టు!"

"ఇయ్యాల రాత్రి ఒక పిల్లకు కడుపు నొచ్చిందనుకో. ఎందుకు నొచ్చిందో తల్లికి ఎర్కుండాలె గద."

ఆ మాట నిజమైనందుకు నాకు ఇంకా మండింది. ఆమె వెనకే నడిచాను, ఏం చేస్తానో నాకే తెలియకుండా. ఇంటింటికీ పోయింది. గడప బయటే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఒకే మాట, "ఇయ్యాల తొట్లె మందు పత్తిగింజలు పోసిన. నాకు తెల్వక పోసిన. చేతులు కడిగినం. రాత్రికి జర పిల్లను కనిపెట్టుకో." ఒకామె తిట్టింది. ఒకాయన చెప్పు చూపించాడు. పెద్దవ్వ మాత్రం ఆమె బుగ్గ మీద గులాబీ చారను తన కొంగుతో తుడిచింది.

చివరికి మా ఇల్లు. మా కోడలు చిక్కుడుకాయలు గిల్లుతోంది. అంతా విని గిల్లడం ఆపింది.

"మా అత్తమ్మ సూడకపోతే ఏమయ్యేది?"

టీచరమ్మ ఏదైనా సర్ది చెప్తుందని చూశాను. ఏం కాదు బిడ్డా, కడిగితే పోతుంది, అంటుందని.

"ఏమన్న అయ్యేది," అన్నది.

ఏమన్న అయ్యేదట! అబద్ధం చెప్పమనలేదు. కొంచెం మెత్తగా చెప్పినా అయ్యేది. కోడలు నా వైపు తిరిగింది. "ఇన్నవు గద అత్తమ్మా? రేపటి సంది నా బిడ్డ వ్యానుల పోతది. అచ్చరం రాదు, పానం మీదికి తెచ్చుడు అదనం." తెల్లవారి నా మనవరాలు వ్యాను ఎక్కింది. పిల్ల ఎక్కనని ఏడ్చింది. అక్షరాలు వస్తాయని నాకు లోపల సంతోషం, ఆ వ్యాను నా అంగన్‌వాడీ ముందు నుంచి పోతుంటే సిగ్గు. రెండూ ఒకేసారి వచ్చేలా చేసినందుకు ఆమె మీద కోపం.

ఆ వారం సగం గది ఖాళీ అయ్యింది. ఇక తొట్టిబల్ల కథ ముగిసిందనుకున్నాను. ఆమె దాన్ని తీయలేదు, నింపలేదు కూడా. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, గది మధ్యలో ఖాళీగా పెట్టింది.

"ఇగ నేను తెచ్చింది పొయ్య. తల్లులు తెచ్చిందే పోస్త. వాళ్లకు మంచిచెడ్డ ఎర్క," అన్నది.

"వాళ్లెందుకు తెస్తరు? నిన్ను తిడుతున్నరు."

"సూడు."

చాలా రోజులు ఖాళీగానే ఉంది. ఉన్న పిల్లలు దాని మీద దరువు వేశారు, దాని కింద దూరి పడుకున్నారు. నాకు ఊడ్చే పని లేదు. అయినా ఎందుకో గదిలోకి రాబుద్ధయ్యేది కాదు. ఒక పొద్దున పెద్దవ్వ వచ్చింది. సంచిలో వేరుశనగ పొట్టు. రాళ్లు, పుల్లలు లేకుండా ఏరి, చెరిగి తెచ్చింది.

"ఇగో, పోసుకో. బర్రెకు పెడదామనుకున్న. నీకంటె బర్రె నయం, ఏది తినాల్నో ఏది తినొద్దో దానికి ఎర్క," అన్నది. టీచరమ్మ నవ్వింది. తర్వాతి వారం ఇంకో తల్లి ఎండిన బీరకాయ పీచు తెచ్చింది. ఇంకో ఆమె వాగు ఇసుక జల్లెడ పట్టి తెచ్చింది. అలా వారానికో ఇల్లు అయ్యింది. తెచ్చిన తల్లి మొదట తనే చెయ్యి పెట్టి చూడాలి, అది పద్ధతి. పోతూ పోతూ ఉండిపోయి ఆడుకున్న తల్లులను కూడా చూశాను. పిల్లలు మెల్లగా తిరిగి వచ్చారు. ఇప్పుడున్న కొత్త టీచరమ్మ కూడా ఆ వరస తప్పించలేదు. మా ఇంటి వంతు మాత్రం ఏనాడూ రాలేదు. కోడలు రానియ్యలేదు.

పెద్ద మనవరాలికి అక్షరాలు బాగా వచ్చాయి. దాని నుంచి నాకూ వచ్చాయి. ఆ వ్యాను బడికి నేను రుణపడి ఉన్నాను, ఆ మాట దాచను. టీచరమ్మ చెప్పిందే నిజమైందని నేను రాయబోవడం లేదు.

పోయిన వారం కొత్త టీచరమ్మ ఫోను చూసి, "ఆయమ్మా, పాత టీచరమ్మ పోయిందట," అన్నది. నార్కట్‌పల్లిలో బస్సెక్కి, చౌటుప్పల్‌లో మారి పోచంపల్లి పోయాను. బోర్డులు నేనే చదువుకున్నాను. ఆమెను తీసుకుపోవడం అప్పటికే అయిపోయింది. ముందు గదిలో మగ్గం ఆగి ఉంది. దాని మీద సగం నేసిన పట్టు చీర, పైన గుడ్డ కప్పి ఉంది. ఆమె మరదలు నన్ను చాప మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"మూడు నెల్లు మంచంలనే ఉండె. పక్షవాతం. కుడి చెయ్యి సల్లవడ్డది, గిచ్చినా ఎర్క లేకపాయె," అన్నది. "ఒక్కటే జిద్దు. తట్టల ఇసుక పోసి చెయ్యి కింద పెట్టున్రి అంటుండె. ఇసుక కాకపోతే ఊక అంటుండె. ఎట్ల పెడతమమ్మా? గీ ఒక్క గదిలనే మంచం, గిదే గదిల మగ్గం. పట్టు మీద రేణువు పడితే చీరంత ఆగమాయె. పోసినదంత ఎవలు ఊడుస్తరు? నాకా మగ్గానికి పోగులు ఆసు పొయ్యాలె, వండాలె, ఆమెకు చెయ్యాలె."

ఆమెది తప్పని నేను అనలేను. ఆ గది చూస్తే ఎవరూ అనలేరు.

"నాకు ఒక ఫోను చేస్తే నేను రాకపోదునా? నేను ఊడ్వకపోదునా?" అన్నాను. గొంతు పెద్దదైంది. చావింట్లో అరవకూడదని తెలుసు.

మరదలు నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఆయమ్మవు నువ్వేనా? 'ఆయమ్మను పిలువున్రి, ఆయమ్మ ఊడుస్తది,' అంటనే ఉండె. ఏ ఆయమ్మ, పేరేందక్కా అని అడిగినం. సూస్తుండె, ఏమనకపోతుండె. పేరు తెల్వంది ఎక్కడని దేవులాడేది?"

ఇన్నేళ్లలో ఒక్కసారి నా పేరు అడిగి ఉంటే! ఒక్కసారి! ఆ ఇంట్లో నేను ఏడవలేదు. తిరుగు బస్సులో కూడా ఏడవలేదు. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. పక్క సీటామె, "ఏమన్న నొస్తున్నదా అమ్మా?" అని అడిగింది. లేదన్నాను.

ఇంటికి వచ్చేసరికి చిన్న మనవరాలికి కొత్త బూట్లు వేసి చూస్తున్నారు. దానికి మొన్ననే మూడు నిండాయి. తెల్లవారి నుంచి వ్యాను. ఇంట్లో ఆ మాట నెల రోజుల కిందే అయిపోయింది. నేనూ సరే అన్నాను. అక్షరాలు వద్దనడానికి నాకేం హక్కు?

తెల్లవారి కోడలు దానికి తల దువ్వి, యూనిఫాం వేసి, అరుగు మీద నిలబెట్టి డబ్బా తేవడానికి లోపలికి పోయింది. అరుగు పక్కన బర్రెకు పెట్టే కడుగు నీళ్ల బకెట్ ఉంది. పిల్ల చుట్టూ చూసి కూర్చుంది. రెండు చేతులూ ఆ తెల్లటి నీళ్లలో ముంచింది. ఆడలేదు, చల్లలేదు, ఊరికే ముంచి ఉంచింది. అడుగున తవుడు చేతికి తగిలినట్టుంది, నోరు తెరుచుకుంది.

కోడలు వచ్చి చూసి దాని రెక్క పట్టి లేపింది. "బట్టలన్ని ఖరాబు! ఛీ, కుడితిల చేతులు!" అని ఒకటి వేసింది. పిల్ల ఏడవకుండా చేతులు చాచి నాకు చూపించింది. సందు మలుపులో వ్యాను హారన్ మోగింది.

"ఇయ్యాల పొల్ల నాతోని వస్తది," అన్నాను.

"యాడికి? గా తొట్టి కాడికా?" కోడలు నమ్మలేనట్టు చూసింది. "అత్తమ్మా, అచ్చరాలు అచ్చరాలని నెత్తి కొట్టుకున్నది నువ్వే గద. గిప్పుడేమాయె?"

"నెత్తి కొట్టుకున్న. ఇప్పుడు గూడ కొట్టుకుంట. అచ్చరాలు నాకోసం యాభై ఏండ్లు ఆగినయ్. దీనికోసం ఒక్క ఏడాది ఆగయా?"

"నీ కొడుకుకు నువ్వే చెప్పుకో. నేను చెప్ప."

"చెప్పుకుంట తియ్."

హారన్ మళ్లీ మోగింది. దాని తడి చెయ్యి ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి వ్యాను వైపు ఊపాను, పొమ్మని. వ్యాను కాసేపు ఆగి పోయింది. అరుగు కింద కూర్చుని పిల్ల బూట్లు విప్పి కోడలి చేతికిచ్చాను. కోడలు అరుస్తూనే ఉంది. మేమిద్దరం నడిచాం.